రివ్యూ రాసిందెవరో ఊహించకు

బుజ్జమ్మా,

పర్లాకిమిడిలో ఊరగాయలు, అప్పడాల దుకాణం పెడుతున్నావని మీ నాన్న ఫోన్ చేసి చెప్పాడు. దుకాణాన్ని గూగుల్‌లో కూడా పెడతావట, సూరత్‌లో, హైదరాబాద్‌లో ఉన్న మనవాళ్లకి పార్శిళ్లు పంపుతావట. అమ్మ మాగాయ కలిపే పాళ్లు మా అక్కచెల్లెళ్లలో ఎవరికీ పూర్తిగా పట్టుబడలేదు. మీ నాయనమ్మ దగ్గర కూర్చుని నేర్చుకున్నదానివి నువ్వొక్కదానివే. చాలా గర్వంగా ఉంది తల్లీ. ఆ రాత్రి నాకు నిద్ర కూడా పట్టలేదు. అది మాత్రం భయంతో.

నా భయం సరుకు గురించి కాదు. పెట్టుబడి సంగతి మీ నాన్న చూసుకుంటాడు. ఊరూ పేరూ లేనివాళ్లు ఎవరో ఒక్క స్టార్ పెట్టి, రెండు ముక్కలు రాసి పోతే నువ్వేం చేస్తావో అన్నదే నా దిగులు. నీకు ముక్కు మీద కోపం. మన ఇంట్లో అందరికీ అంతే.

ముందు తేలికైనవి చెప్పేస్తాను. గూగుల్‌లో దుకాణం నీ సొంత జీమెయిల్ మీదే పెట్టుకో. బోర్డు మీద పేరు ఎలా ఉంటే అక్కడా అచ్చం అలాగే ఉండాలి. కొన్నవాళ్లందరినీ రివ్యూ రాయమని అడుగు. బాగుందన్నవాళ్లను మాత్రమే ఏరి అడగడం, రాస్తే ధర తగ్గిస్తాననడం గూగుల్ నియమాలకి విరుద్ధం. చుట్టాల చేత అసలే రాయించకు.

మొదటి నెలలు కష్టంగా ఉంటాయి, దానికి లెక్క ఉంది. నాలుగే రివ్యూలుండి, నాలుగూ ఐదు స్టార్లే అయినా, ఒక్క స్టార్‌ది ఒకటి పడితే సగటు 4.2కి దిగిపోతుంది. అవే 40 ఉంటే 4.9 దగ్గర నిలబడుతుంది. మొదట్లో పడ్డ దెబ్బకి దుకాణం పోయిందని బెంబేలు పడకు. మంచివి నాలుగు వచ్చేదాకా ఓపిక పట్టు.

ఇప్పుడు మా అబ్బాయి, అదే మీ బావ, సంగతి చెప్పాలి. మీ నాన్నకి సగమే తెలుసు. నీకు రాస్తున్నానని వాడితో చెప్పే రాస్తున్నాను.

అది ఠాకురాణి యాత్ర జరిగిన ఏడాది. ఆ యాత్ర రెండేళ్లకోసారి వస్తుంది కదా, అప్పుడు బరంపురం వీధుల్లో అడుగు పెట్టే సందు ఉండదు. ఇచ్ఛాపురం, సోంపేట నుంచి కూడా జనం దిగుతారు, వెళ్తూ వెళ్తూ అప్పడాలు, ఊరగాయలు కొనుక్కుని పోతారు. ఆ హడావుడి తగ్గిన వారానికి మా దుకాణం మీద ఒక రివ్యూ పడింది. తెలుగే, ఇంగ్లీషు అక్షరాల్లో రాశారు. నిమ్మకాయ ఊరగాయ బూజు పట్టిందనీ, వెనక్కి తెస్తే కౌంటర్‌లో ఉన్న పెద్దావిడ కసిరి పంపేసిందనీ. మా కౌంటర్‌లో పెద్దావిడంటే నేనే. నేనెవరినీ కసరలేదు.

రాసినవాళ్ల పేరు లేదు, రెండు పొడి అక్షరాలున్నాయంతే. మీ బావ ఆ అక్షరాలు చూసి, మా వీధి చివర ఉండే రిటైరైన టీచరమ్మే రాసిందని తీర్మానించుకున్నాడు. అంతకు కొద్దిరోజుల ముందు పాత బాకీ దగ్గర ఆవిడతో చిన్న మాట పట్టింపు వచ్చింది. అక్షరాలు సరిపోయాయి, కోపానికి కారణమూ సరిపోయింది, ఇక వాడికి సాక్ష్యం అక్కర్లేకపోయింది. రాత్రి దుకాణం కట్టేశాక కూర్చుని జవాబు రాశాడు. "టీచరుగారూ, బాకీ అడిగినందుకు ఇంత పగా? మీరు తీసుకున్నది నిమ్మకాయ కాదు, ఉసిరికాయ. ముందు మా 340 రూపాయలు ఇచ్చి మాట్లాడండి." ఆవిడ పేరు కూడా పెట్టాడు.

తెల్లారేసరికి అది వీధివీధి వాట్సాప్ గ్రూపుల్లో తిరిగింది. ఆవిడకి స్మార్ట్‌ఫోనే లేదు. కోడలు చూపిస్తే తెలిసిందట.

మధ్యాహ్నం ఎండలో దుకాణానికి వచ్చారు. నేనొక్కదాన్నే ఉన్నాను. చెంగు ముడి విప్పి, మడతలు పడ్డ నోట్లు ఒక్కొక్కటే సాపు చేసి బల్ల మీద పెట్టారు. చివర్న నాలుగు పది రూపాయల బిళ్లలు. లెక్క చూసుకోమన్నారు. నేను చేతులు పట్టుకోబోతే వెనక్కి తీసుకున్నారు. "ముప్ఫై ఏళ్లు ఈ ఊళ్లో పాఠం చెప్పానమ్మా, ఇవాళ పిల్లలు నన్ను చూసి గుసగుసలాడుకుంటున్నారు" అని, అరవకుండా, ఏడవకుండా చెప్పి వెళ్లిపోయారు.

రాసిందెవరో తర్వాత తేలింది. మీ బావ జవాబు తీసేయించి నా కోడలు అక్కడ మర్యాదగా ఇంకొకటి రాసింది, బిల్లు ఫొటో పంపమని. ఎవరో కుర్రాడు, యాత్రకి వచ్చినవాడు. పంపిన బిల్లు మాది కాదు. రెండు వీధుల అవతల ఇంచుమించు మా పేరే ఉన్న వేరే దుకాణానిది. మ్యాప్‌లో తప్పు చోట నొక్కాడు. పాపం వెంటనే రివ్యూ తీసేసి, క్షమించమని కూడా అడిగాడు.

నేనూ మీ బావా టీచరమ్మ ఇంటికి వెళ్లాం. కూర్చోమన్నారు, మంచినీళ్లిచ్చారు, పరవాలేదన్నారు. మళ్లీ మా దుకాణం మెట్టెక్కలేదు. జవాబు తీసేశాం గానీ దాని స్క్రీన్‌షాట్లు ఎన్ని ఫోన్లలో ఉన్నాయో మాకేం తెలుసు. మాకు తెలిసిన వకీలుగారు ఇంకో మాట చెప్పారు. ఆవిడ తలచుకుంటే పరువునష్టం కేసు వేయడానికి మీ బావ చేతిరాతే చాలట. రివ్యూ రాసినవాడి మీద కేసు పెడదామని బయల్దేరినవాడు, తానే ముద్దాయి అయ్యేవాడు.

బుజ్జీ, ఒకటి గమనించు. ఆ రివ్యూ నిజంగానే తప్పు. ఊరగాయ మాది కాదు, ఆ మాట నేననలేదు. న్యాయం తన వైపు ఉందన్న ధైర్యంతోనే వాడు అంత దూరం వెళ్లాడు. తప్పు మనదైతే కాస్త తగ్గి మాట్లాడతాం. తప్పు మనది కానప్పుడే నోరు అదుపు తప్పుతుంది. పర్లాకిమిడి బరంపురం కంటే చిన్న ఊరు. అక్కడ నువ్వు ఎవర్ని అనుమానించినా ఆ మనిషి మర్నాడు నీకు బజార్లో ఎదురుపడుతుంది.

అందుకని, రివ్యూ వచ్చిన రాత్రి జవాబు రాయకు. పొద్దున్న లేచి ముందు నీ పుస్తకం చూడు. ఏ జాడీలోది ఏ తేదీన సీసాల్లోకి ఎక్కించావో, ఎవరికి ఏ రోజు పార్శిల్ పోయిందో రాసుకునే పుస్తకం మొదటి రోజు నుంచే పెట్టు. లేబుల్ మీద బ్యాచ్ నంబరు ఎలాగూ వేయాలి, దాన్నే పుస్తకంలో ఎక్కించు. బూజు అన్నారంటే నూనె ముక్కల కిందికి దిగిందేమో, తడి గరిటె తగిలిందేమో చూడు. కారిపోయిందన్నారంటే కొరియర్‌లో మూత సడలి ఉంటుంది. అప్పుడు తప్పు కొరియర్‌వాళ్లదే అయినా కొన్నది నీ దగ్గర, సీసా మార్చి పంపు. ఇందులో వాదన పెట్టుకోకు.

పుస్తకంలో ఏమీ దొరకలేదా, ఇలా రాయి: "నమస్కారమండీ. మీకు ఇబ్బంది కలిగినందుకు బాధగా ఉంది. ఆ రోజుల్లో మేం నిమ్మకాయ ఊరగాయ అమ్మినట్టు మా పుస్తకంలో కనబడలేదు. సీసా లేబుల్ ఫొటో గానీ, బిల్లు గానీ దుకాణం నంబరుకి పంపండి, చూసి తప్పకుండా సరిచేస్తాం." అంతే. పేరొద్దు, ఫోన్ నంబరొద్దు, బాకీ మాట అసలే వద్దు. రాసినవాళ్లు చదివినా చదవకపోయినా, రేపు కొనబోయేవాళ్లు చదువుతారు. ఒడియాలో రాస్తే ఒడియాలోనే జవాబివ్వు, నీకు లిపి బాగా వచ్చు కదా.

నచ్చని రివ్యూని నువ్వు తీసేయలేవు. గూగుల్‌కి రిపోర్టు చేయొచ్చు, అంతే. ఎవరిది నిజం, ఎవరిది అబద్ధం అని వాళ్లు పంచాయితీ చెయ్యరు. దొంగ రివ్యూ, పోటీ దుకాణంవాళ్లు రాసింది, బూతులు, సంబంధం లేని గొడవలు, ఒకరి సొంత వివరాలు బయటపెట్టడం, ఇలాంటివైతేనే తీస్తారు. రిపోర్టు చేసే ముందే తేదీ కనబడేలా స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకో. తేలడానికి రోజులు పడుతుంది. కాదన్నారంటే ఒకసారి అప్పీలు చేసుకోవచ్చు. రాసినవాళ్ల వివరాలు నువ్వడిగితే ఇవ్వరు, అడిగి టెన్షన్ పెంచుకోకు.

ఒక్కదానికి మాత్రం మెత్తగా ఉండకు. ఒకేరోజు ముక్కూ మొహం తెలియని అకౌంట్ల నుంచి వరసగా ఒక్కో స్టార్ పడి, వెనకే వాట్సాప్‌లో "డబ్బిస్తే తీయిస్తాం" అని ఎవరైనా వస్తే, రూపాయి ఇవ్వకు. ఇస్తే మళ్లీ వస్తారు. మెసేజ్‌లు చెరపకుండా ఉంచి పోలీసులకి, జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌కి ఫిర్యాదు చెయ్యి. డబ్బు పోయి ఉంటే వెంటనే 1930కి ఫోన్ చెయ్యి. అలాంటప్పుడు నాన్నకి చెప్పకుండా ఒక్కదానివే మోయాలని చూశావంటే నేనే బస్సెక్కి వచ్చి నాలుగు చివాట్లు పెడతాను.

కోర్టు మాటకొస్తే, పరువునష్టం ఇప్పుడు భారతీయ న్యాయ సంహిత 356వ సెక్షన్‌లో ఉంది, 2024 జూలై 1 నుంచి. పరిహారం కోసం సివిల్ దావా వేయాలంటే ఏడాదిలోపు వేయాలి. కావాలని, అబద్ధమని తెలిసీ నీ వ్యాపారం ముంచాలని రాసినవాళ్ల కోసం దాన్ని ఉంచుకో. ఉప్పెక్కువైందన్న మనిషికి నోటీసు పంపకు. ఉప్పెక్కువైందనడం కొనుక్కున్నవాళ్ల హక్కు. అమ్మ బతికుంటే ఆ సీసా వెనక్కి తెప్పించుకుని తానే రుచి చూసేది.

మొదటి చెడ్డ రివ్యూ వచ్చిన రోజు నాకు ఫోన్ చెయ్యి. ఎంత రాత్రైనా సరే. వాళ్లని తిట్టాలనుకున్న తిట్లన్నీ నన్ను వినమను, వింటాను. మీ బావకి ఆ రాత్రి అలా వినేవాళ్లు లేకపోయారు, నేను ముందే పడుకున్నాను.

వచ్చే వారం వాడు పర్లాకిమిడి వస్తున్నాడు. అమ్మ వాడిన పెద్ద జాడీలు రెండూ వాడి చేత పంపుతున్నాను, కారులో వెనక సీటు మీద పాత దుప్పటి చుట్టి పెట్టమన్నాను. దించుకునేటప్పుడు అంచు చూసుకో. సూరత్ పార్శిళ్లకి గాజు సీసాలు వద్దు. లేబుల్ అచ్చుకి ఇచ్చేముందు నమూనా నాకు పంపు, దుకాణం ఫోన్ నంబరు పెద్ద అక్షరాల్లో ఉండాలి. కోపం వచ్చినవాళ్లకి ముందు ఆ నంబరు కనబడితే, గూగుల్ దాకా వెళ్లకుండా నీకే ఫోన్ చేస్తారు.

ఆశీస్సులతో,
మీ అత్త
బరంపురం