ఇన్‌టేక్ మానిఫోల్డ్ వేడి తగ్గేదెలా?

ప్రశ్న: ఇంగ్లండులో నేను నడిపే పాత ఎంజీబీ స్పోర్ట్స్ కారును ఎండాకాలంలో పది నిమిషాలు ఆపితే చాలు, మళ్లీ స్టార్ట్ కావడానికి మొరాయిస్తోంది. ఇంజనులోకి గాలి, పెట్రోలు మిశ్రమాన్ని పంపే ఇన్‌టేక్ మానిఫోల్డ్ గొట్టాల వేడిని తగ్గించవచ్చా?

జవాబు: తప్పకుండా తగ్గించవచ్చు. మీ 1798 సీసీ ఇంజనులో ఇన్‌టేక్ మానిఫోల్డు, పొగను బయటికి పంపే ఎగ్జాస్ట్ మానిఫోల్డు రెండూ ఒకే పక్కన ఉన్నందువల్ల, బండి ఆగి గాలి ఆడటం నిలిచిపోగానే ఎగ్జాస్ట్ వేడి పైకి ఎగసి కార్బురేటర్ (పెట్రోలును గాలితో కలిపే భాగం) గిన్నెల్లోని పెట్రోలును మరిగిస్తుంది. ముందుగా కార్బురేటర్ల వెనకనున్న రేకు కవచాన్ని పరిశీలించండి. దాని మీది పాత పొరలో ఊపిరితిత్తులకు హాని చేసే ఆస్బెస్టాస్ నార ఉండే అవకాశం ఉంది కనుక దయచేసి గీకవద్దు, నిపుణులతోనే మార్పించండి. కార్బురేటరుకూ మానిఫోల్డుకూ మధ్య ఫినోలిక్ స్పేసరును (వేడిని అడ్డుకునే గట్టి ప్లాస్టిక్ దిమ్మెను), రెండు వైపులా కొత్త గ్యాస్కెట్లతో (సందులు మూసే పలుచని పొరలతో) సహా బిగించాలి. ఇంజనులోకి వెళ్లే గాలి 60 డిగ్రీల సెల్సియస్ నుంచి 30 డిగ్రీలకు దిగితే దాని సాంద్రత దాదాపు 10 శాతం పెరుగుతుంది, అంటే ఇంజనుకు ఆ మేరకు ఎక్కువ గాలి అందుతుంది.