చదవని ఫ్లాపీల గురించి మేనల్లుడికి

చిరంజీవి మేనల్లుడికి ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. ఎర్రగుంట్లలో మీ నాన్న నాపరాళ్ల పాలిషింగ్ యూనిట్ ఆఫీసులో వాడిన పాత ఎక్స్‌టీ (1980ల నాటి ఐబీఎం రకం) కంప్యూటరు ఇన్నాళ్లకు మళ్లీ వెలిగిందని చదివి ఎంతో సంతోషించాను. అయితే ఆయన లెక్కలు, ఉత్తరాలు ఉన్న ఫ్లాపీ ఏది పెట్టినా ‘డేటా ఎర్రర్ రీడింగ్ డ్రైవ్ ఎ’ అని వస్తోందని, ప్రతిసారీ ‘రిట్రై’ నొక్కి చూస్తున్నానని రాశావు. ఈ ఉత్తరం చేరగానే ఆ పని ఆపేయి. ఫ్లాపీ అంటే తొడుగులో ఉండే పలుచటి అయస్కాంత డిస్కు కదా, దాన్ని చదివే డ్రైవులో హెడ్డు, అంటే చదివే-రాసే చిన్న ముక్క, డిస్కును తాకుతూనే చదువుతుంది. హెడ్డుకు మురికి అంటుకుని ఉంటే, నిమిషానికి 300 చుట్లు తిరిగే డిస్కు మీద అది ఒకే చోట రాచుకుంటూ, అక్షరాలను మోస్తున్న ఆ గోధుమరంగు పూతనే గీకేస్తుంది. డ్రైవు చెడిపోతే ఇంకొకటి వెతికి తెచ్చుకోవచ్చు గానీ, ఆ డిస్కుల మీద ఉన్నది మరెక్కడా లేదు. కనుక డ్రైవు బాగుందని తేలే వరకు మీ నాన్న ఫ్లాపీ ఒక్కటి కూడా లోపలికి పోకూడదు.

యూనిట్ పక్కనే ఆఫీసు కాబట్టి, ఆ డ్రైవులో రాతిపొడి చేరకుండా ఉండదని నా గట్టి నమ్మకం. ప్లగ్గు తీసి, పైమూత విప్పి, టార్చి వేసి చూడు. దుమ్ము ఊదడానికి యూనిట్‌లోని కంప్రెసర్ గాలి మాత్రం వాడవద్దు. అందులో తేమ ఉంటుంది, ఆ ఒత్తిడికి పొడి ఇంకా లోతుకు పోతుంది. మెత్తటి బ్రష్షుతో బయటికి తుడువు. రెండు వైపులా చదివే డ్రైవు కాబట్టి దానికి రెండు హెడ్లు ఉంటాయి. కింది హెడ్డు గట్టిగా బిగించి ఉంటుంది, పైదాన్ని స్ప్రింగు చేయి పట్టుకుని ఉంటుంది. ఆ పై చేతిని కావలసినంతే, చాలా కొద్దిగా ఎత్తాలి. ఎక్కువ ఎత్తితే హెడ్డును మోసే పలుచటి రేకు వంగుతుంది, ఆ తర్వాత ఆ హెడ్డు ఎప్పటికీ డిస్కు మీద సమంగా కూర్చోదు. 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌ను ఎలక్ట్రానిక్స్ దుకాణంలో అడిగి తెచ్చుకో. మందుల షాపులో అమ్మే స్పిరిట్‌లో వేరే పదార్థాలు కలిసి ఉండవచ్చు కనుక అది వద్దు, థిన్నర్ అసలే వద్దు. పోగులు రాలని దూదిపుల్లను తడిపి, దూదికి గోధుమరంగు అంటడం ఆగే వరకు, పుల్లలు మారుస్తూ మెల్లగా రుద్దు. హెడ్డు జరిగే కడ్డీల మీద పాత గ్రీజు దుమ్ముతో కలిసి గట్టిపడి ఉంటే దాన్ని కూడా తుడిచి, పలుచటి నూనె ఒక్క చుక్క రాయి. హెడ్డు బిగుసుకుపోయి, ట్రాక్ (డిస్కు మీద రాత ఉండే వలయం) నుంచి ట్రాక్‌కు సరిగా జరగకపోతే ‘సెక్టార్ నాట్ ఫౌండ్’ అని వస్తుంది, మనం డిస్కే పోయిందని అనుకుంటాం.

తర్వాత వేగం చూడు. నువ్వు చెప్పిన డ్రైవు ఎత్తును బట్టి అది బెల్టు మీద తిరిగే పాతకాలపు డ్రైవు. ఇన్నేళ్లకు బెల్టు సాగి ఉంటుంది, లేదా గట్టిపడి ఉంటుంది. డ్రైవు అడుగున కనిపించే చక్రం మీద గీతల వలయాలు రెండు ఉంటాయి. ఒకటి 60 హెర్ట్జ్ కరెంటున్న అమెరికాకు, రెండవది 50 హెర్ట్జ్ ఉన్న మనకు. చోక్ ఉన్న పాత ట్యూబ్‌లైటు వెలుగులో డ్రైవు తిరుగుతుండగా చూస్తే, వేగం సరిగా ఉన్నప్పుడు 50 అని రాసి ఉన్న వలయంలోని గీతలు నిలబడినట్టు కనిపిస్తాయి. అవి ముందుకో వెనక్కో పాకుతుంటే బోర్డు మీద వేగం సర్దే ప్రీసెట్‌ను చిన్న స్క్రూడ్రైవర్‌తో తిప్పి సరిచేయాలి. ఎల్ఈడీ దీపం కింద ఈ పరీక్షను నమ్మకు. పొరపాటున 60 వలయాన్ని నిలబెట్టావంటే వేగం 250కి పడిపోతుంది, అప్పుడు ఏ డిస్కూ చదవదు. ఇంత చవకగా, ఇంత కచ్చితంగా చెప్పే పరీక్ష మరొకటి నాకు తెలియదు.

ఇప్పుడు పోయినా ఫరవాలేని ఒక ఫ్లాపీని ఫార్మాట్ చేసి, ఏదో ఒక ఫైలు రాసి, తిరిగి చదివించు. తప్పులు ఒకసారి ఒకచోట, మరోసారి ఇంకోచోట వస్తుంటే లోపం ఇంకా డ్రైవులోనో కేబుల్‌లోనో ఉందని అర్థం. ఎప్పుడూ ఒకే చోట వస్తే ఆ డిస్కుదే లోపం. లోపలి ట్రాకుల్లో అక్షరాలు ఇరుకుగా ఉంటాయి కనుక, బయటి ట్రాకులు చదివి లోపలివి మాత్రమే మొరాయిస్తే హెడ్డును మరోసారి శుభ్రం చెయ్యి. ఇంకొక మాట చాలా ముఖ్యం. హెడ్డు అమరిక స్క్రూలను ఇప్పుడు ముట్టుకోవద్దు. మీ నాన్న ఫ్లాపీలు ఈ డ్రైవులోనే రాసినవైతే, అప్పటికే దాని హెడ్డు కాస్త పక్కకు జరిగి ఉన్నా, ఆ వంకరలోనే రాసిన డిస్కులను అదే బాగా చదువుతుంది. నువ్వు అమరిక సరిచేస్తే అవి చదవకుండా పోవచ్చు.

మీ నాన్న ఫ్లాపీ పెట్టే ముందు, పొరపాటున దాని మీద ఏమీ రాయకుండా ఉండేందుకు, అంచున ఉన్న గంటును నల్లటి టేపుతో మూసెయ్యి. కొన్ని డ్రైవులు ఆ గంటును వెలుతురుతో కనిపెడతాయి కనుక పారదర్శకమైన టేపు పనికిరాదు. ఫ్లాపీ లోపల డిస్కును వేలితో మెల్లగా తిప్పి, తొడుగుకున్న కిటికీలోంచి చూడు. గుండ్రటి మచ్చలు కనబడితే అది బూజు. దాన్ని తుడవకుండా డ్రైవులో పెట్టావంటే ఆ మురికి హెడ్డుకు, హెడ్డు నుంచి తర్వాతి ఫ్లాపీకి అంటుకుంటుంది. కీచుమని శబ్దం వస్తే వెంటనే బయటికి తీసి, హెడ్డు తుడిచాకే ఇంకొకటి పెట్టు. 2009 అక్టోబరులో తుంగభద్ర కర్నూలును ముంచినప్పుడు తడిసిన ఫ్లాపీలు కూడా కట్టలో ఉన్నాయన్నావు. వాటిని చివరికి ఉంచు. తొడుగును ఒక అంచున కోసి, డిస్కును బయటికి తీసి, డిస్టిల్డ్ వాటర్‌లో కడిగి, నీడలో ఆరబెట్టి, పాత ఖాళీ ఫ్లాపీ తొడుగులో పెట్టి చదివించాలి. ఎండలో పెడితే డిస్కు వంకర పోతుంది.

ఫైళ్లను ముందు హార్డు డిస్కులోకి కాపీ చెయ్యి. ఫ్లాపీని బాగుచేస్తామనే సాఫ్ట్‌వేర్ ఏదీ అసలు దాని మీద నడపకు. అవి బాగుచేసే పేరుతో డిస్కు మీద రాస్తాయి. కొత్తగా ఏదైనా రాయవలసి వస్తే ఈ 360 కేబీ ఫ్లాపీలను 1.2 ఎంబీ డ్రైవులో పెట్టి రాయవద్దు. ఆ డ్రైవు హెడ్డు సన్నగా ఉండడం వల్ల పాత రాత అంచుల్లో మిగిలిపోయి, 360 కేబీ డ్రైవుకు రెండూ కలగాపులగంగా కనిపిస్తాయి.

ఎంత చేసినా చదవనివి కొన్ని మిగులుతాయి. వాటికి గ్రీజ్‌వీజిల్ అనే చిన్న బోర్డు ఉంది. దానికి ఈ డ్రైవును తగిలించి, యూఎస్‌బీ ద్వారా ఇప్పటి కంప్యూటరుకు కలిపితే, అది డిస్కు మీది అయస్కాంత మార్పులను ఉన్నవున్నట్టు పట్టి ఫైలుగా దాస్తుంది. ఆ తర్వాత డిస్కును మళ్లీ ముట్టుకోకుండా ఆ ఫైలు మీదే ఎన్నిసార్లైనా ప్రయత్నించవచ్చు. అందుకని ఏ ఫ్లాపీ ఏ ఫైలు దగ్గర, ఏ సందేశంతో ఆగిందో ఒక నోటు పుస్తకంలో రాసుకుంటూ ఉండు. దసరా సెలవుల్లో ఆ పుస్తకం, ఆగిపోయిన ఫ్లాపీలు, డ్రైవు తీసుకుని కర్నూలు రా, బోర్డు నేను తెప్పించి ఉంచుతాను.

నీ మేనమామ