టోక్యో హోటల్లో మూడు రాత్రులకి లోన్ తీసుకోవాలా?

ప్రశ్న: మాది హైదరాబాద్. వచ్చే నవంబర్‌కి మా పెళ్లయి 10 ఏళ్లు. జపాన్ ట్రిప్‌కి ఫ్లైట్లు, తిరగడం, తిండి వరకు బోనస్ డబ్బులు పక్కన పెట్టాం. టోక్యోలో హోషినోయా హోటల్లో 3 రాత్రులు ఉండాలని నా కోరిక, చూస్తే రాత్రికి 1,40,000 యెన్ చూపిస్తోంది. మావారు పర్సనల్ లోన్ తీసుకుందాం అంటున్నారు, నేనేమో 4 లక్షల ఎఫ్‌డీ ఉందిగా అది తీసేద్దాం అంటున్నా. ఇద్దరి జీతాలు కలిపి 1,35,000, హోమ్ లోన్ ఈఎమ్ఐతో సహా నెల ఖర్చు 90,000. ఏది బెటర్?

జవాబు: రెండూ వద్దు మేడం. అలాగని హోటల్ మానేయండి అని కూడా అనను, పదేళ్లకి ఒక్క కోరిక కోరితే దానికీ క్లాస్ పీకడం నా వల్ల కాదు.

ముందు మీవారి లోన్ సంగతి. 3 లక్షలు 14% వడ్డీకి 24 నెలలకి తీసుకుంటే ఈఎమ్ఐ 14,400 దాకా పడుతుంది, మొత్తం వడ్డీ 45,000 పైనే, ప్రాసెసింగ్ ఫీజు వేరే. 100 యెన్ 58 రూపాయలు అనుకుంటే మీ హోటల్ ఒక రాత్రి 81,200, అంటే సగం రాత్రికి పైగా డబ్బులు వడ్డీకే పోయినట్టు, అదీ మీరు వచ్చేసిన రెండేళ్ల దాకా కడుతూ. ఇక మీ ఎఫ్‌డీ, అది హాలిడే డబ్బు కాదు, ఆరు నెలల ఖర్చుకి 5,40,000 ఉండాల్సిన చోట 4 లక్షలే ఉంది, ఉన్నదాన్లోంచే తీసేస్తే రేపు ఒకరి జాబ్ పోయినా ఇంట్లో ఎవరికన్నా బాగోకపోయినా చేతిలో ఏముంటుంది?

అసలు నన్నడిగితే 3 రాత్రులు అన్నదే తప్పు లెక్క. ఆ హోటల్ ఎలాంటిదో చూడండి, ఓటెమాచిలో చుట్టూ బ్యాంకుల ఆఫీసులు, మధ్యలో 17 అంతస్తుల బిల్డింగ్, బయటంతా కిమోనో డిజైన్ లాంటి నల్లటి లోహపు జాలీ. లోపలికి అడుగుపెట్టగానే మన ఇంట్లో లాగే చెప్పులు గుమ్మం దగ్గరే విప్పేయాలి, అవి పెట్టుకోవడానికి గోడంతా చెక్క అరలు, ఇక అక్కడ్నుంచి లిఫ్ట్‌లో కూడా కాళ్ల కింద తతామీ చాపే. ప్రతి ఫ్లోర్‌కీ ఆరు రూములు, ఆ ఆరు రూముల వాళ్లకే టీ తాగుతూ కూర్చునే ఒక హాలు. పైన 1,500 మీటర్ల లోతు నుంచి తోడిన వేడినీళ్ల స్నానం, ఆడవాళ్లకి మగవాళ్లకి విడివిడిగా. అంటే మీరు డబ్బు కట్టేది మంచానికి కాదు, లోపల ఊరికే కూర్చోడానికి. మీరేమో పొద్దున్నే లేచి అసాకుసా, షిబుయా అని బయల్దేరి రాత్రి పదికి కాళ్లీడ్చుకుంటూ వస్తారు, అప్పుడది 81,000 పెట్టి సూట్‌కేసులు దాచుకోవడమే కదా!

అందుకే ఒక్క రాత్రి తీసుకోండి, ట్రిప్‌లో చివరి రాత్రి అయితే ఇంకా మంచిది. చెక్-ఇన్ మధ్యాహ్నం 3కి, చెక్-అవుట్ మర్నాడు 12కి, 3 కొట్టగానే లోపల ఉండండి, ఆ రోజు ఇంకో ప్రోగ్రామ్ పెట్టుకోకండి. మిగతా రెండు రాత్రులు రాత్రికి 15,000 యెన్‌లో మామూలు బిజినెస్ హోటల్ చాలు (రూము అగ్గిపెట్టంత ఉంటుంది, నీట్‌గా ఉంటుంది). మొత్తం 1,70,000 యెన్, అంటే 98,600. మీ ప్లాన్‌కి 2,43,600 అవుతోంది, 1,45,000 మిగిలింది. ఇంకా ఏడాది ఉంది కాబట్టి ఈ నెల నుంచే 8,200 చొప్పున ఆర్‌డీ వేయండి, మీకు నెలకి 45,000 మిగులుతోంది, ఇబ్బందేం ఉండదు.

బుక్ చేసేటప్పుడు కొన్ని చూసుకోండి. ఇక్కడ రేటు రూముకి, తిండి వేరే. మామూలు రియోకాన్‌లలో (జపాన్ సంప్రదాయ సత్రాల్లాంటివి) రేటు మనిషికి, రెండు పూటల భోజనంతో. మా క్లయింట్ ఒకాయన ఇది చూసుకోక వేరే ఊళ్లో ఒక రియోకాన్ బుక్ చేసి, బిల్లు డబుల్ అయ్యేసరికి అక్కడ్నుంచే నాకు ఫోన్ చేశాడు, నేనేం చేస్తాను పాపం. కార్డు కూడా చూసుకోండి, ఫారెక్స్ మార్కప్ (విదేశీ కరెన్సీలో కడితే బ్యాంకు వేసే అదనపు చార్జీ) 3.5% ఉంటే దాని మీద 18% జీఎస్టీ, కలిపి 4.13%, మీ పాత ప్లాన్‌లో అదొక్కటే 10,000. మార్కప్ లేని కార్డు తీసుకోండి, స్వైప్ చేసేటప్పుడు మెషిన్ రూపాయల్లోనా యెన్‌లోనా అని అడిగితే యెన్ అనే చెప్పండి. ట్రావెల్ ఏజెంట్ దగ్గర ప్యాకేజీ తీసుకుంటే టీసీఎస్ (ముందే వసూలు చేసే పన్ను) పట్టుకుంటారు, అది పోయిన డబ్బు కాదు, పాన్ సరిగ్గా ఇచ్చి ఐటీ రిటర్న్‌లో క్లెయిమ్ చేసుకోండి.

మీరు వెజ్ అయితే అక్కడి డిన్నర్ ముందే బుక్ చేసేయకండి, జపాన్ వంటల్లో చాలావాటికి చేప రసమే ఆధారం, వెజ్ చేస్తారో లేదో మెయిల్ పెట్టి కనుక్కున్నాకే డబ్బు కట్టండి.