గార్నెట్ శాతాలు రాసే ముందు కేటయాన్లు చూడు

చిన్నా,

నువ్వు పంపిన ఎక్సెల్ షీట్ నిన్న రాత్రి తీరిగ్గా చూశాను. ఖొండలైట్ (గార్నెట్, సిల్లిమనైట్ ఖనిజాలున్న రూపాంతర శిల) గార్నెట్లకి ఆల్మండైన్ (ఇనుముది), పైరోప్ (మెగ్నీషియంది), గ్రాసులర్ (కాల్షియంది), స్పెస్సార్టీన్ (మాంగనీస్‌ది), ఆండ్రడైట్ (కాల్షియం, ఫెర్రిక్ ఇనుముది) అని ఐదు కాలమ్స్, ప్రతిదానికీ రెండేసి దశాంశాలు, అన్నీ కూడితే సరిగ్గా 100.00. శ్రద్ధగా చేశావు, కానీ నేను ముందు వెతికే కాలమ్స్ రెండూ అందులో లేవు. ప్రోబ్ (ఎలక్ట్రాన్ బీమ్‌తో ఖనిజంలో ఏ మూలకం ఎంతుందో కొలిచే యంత్రం) ఇచ్చిన ఆక్సైడ్ల టోటల్ ఎక్కడ? కేటయాన్ల (ధన చార్జ్ ఉన్న అయాన్ల) మొత్తం ఎక్కడ? ఈ ఐదు ఎండ్ మెంబర్ల శాతాలు ఎప్పుడు కూడినా 100కే వస్తాయిరా, చివర్లో మనమే మొత్తంతో భాగిస్తాం కాబట్టి. తప్పుడు అనాలిసిస్ ఇచ్చినా 100 వస్తుంది, గార్నెట్ అనుకుని పక్కనున్న బయోటైట్ (నల్ల అభ్రకం) మీద బీమ్ పడినా 100 వస్తుంది. అందుకే ఆ 100 చూసి ధైర్యం తెచ్చుకోకు.

ముందు ఒక్క విషయం మనసులో స్థిరం చేసుకో. నీ గార్నెట్ లోపల ఆల్మండైన్ ముక్క ఒకటి, పైరోప్ ముక్క ఒకటి విడివిడిగా లేవు. ఒకే స్ఫటికంలో ఒకే రకం స్థానంలో ఇనుము, మెగ్నీషియం, మాంగనీస్, కాల్షియం కలిసి కూర్చున్నాయి, ఆ కూర్పు ఎక్కడుందో చెప్పడానికి మనం మూలలు (అవే ఎండ్ మెంబర్లు) ఎంచుకుని, వాటి నుంచి కొలిచి చెబుతున్నాం. చెన్నై–బెంగళూరు రోడ్డు మీద వేలూరు దగ్గరున్నాను అని నువ్వు ఫోన్‌లో చెబితే, వేలూరులో కొంత చెన్నై, కొంత బెంగళూరు ఉన్నాయని కాదు కదా. మూలలు ఎంచుకునేది మనమే, కాబట్టి ఏ మూలలు ఎందుకు ఎంచుకున్నావో థీసిస్‌లో ఒక వాక్యం రాయాల్సిన బాధ్యత కూడా మనదే. సాఫ్ట్‌వేర్ ఇచ్చింది అంటే వైవాలో ఒప్పుకోరు, ఒప్పుకోకూడదు కూడా.

ఇప్పుడు నీ నాలుగో పాయింటే తీసుకుందాం. సిలికా 38.0, అల్యూమినా 21.5, ఐరన్ ఆక్సైడ్ 31.5, మాంగనీస్ ఆక్సైడ్ 0.8, మెగ్నీషియా 6.5, కాల్షియం ఆక్సైడ్ 1.2. టోటల్ 99.5, బాగుంది. ఒకసారి కాగితం మీద చేతితో చెయ్, ఎక్సెల్ తర్వాత. ప్రతి ఆక్సైడ్ శాతాన్నీ దాని అణుభారంతో భాగించు, అందులో ఎన్ని ఆక్సిజన్లుంటే అంతతో గుణించు, అన్నీ కూడు. 2.530 వస్తుంది. గార్నెట్‌కి 12 ఆక్సిజన్లు కాబట్టి 12ని దానితో భాగిస్తే 4.743, ఆ సంఖ్యతో కేటయాన్లన్నిటినీ గుణించు. సిలికాన్ 3.00, అల్యూమినియం 2.00, ఇనుము 2.08, మెగ్నీషియం 0.77, కాల్షియం 0.10, మాంగనీస్ 0.05 వస్తాయి. మొత్తం 8.00. గార్నెట్‌లో ఉండాల్సినవి సరిగ్గా ఎనిమిదే, మూడు సిలికాన్ స్థానంలో, రెండు అల్యూమినియం స్థానంలో, మూడు మిగతా వాటికి. ఇలా కుదిరినప్పుడు ఆ ఆఖరి మూడింటిని పంచితే ఆల్మండైన్ 69, పైరోప్ 26, గ్రాసులర్ 3, స్పెస్సార్టీన్ 2. ఇక్కడ ఆండ్రడైట్ ఊసే లేదు, దాని అవసరమూ లేదు.

మరి నీ షీట్లో ఆండ్రడైట్ ఎక్కడి నుంచి వచ్చిందంటే, ప్రోబ్‌కి ఇనుము ఎంతుందో తెలుసు కానీ అది ఫెర్రసా (చార్జ్ రెండు) ఫెర్రిక్కా (చార్జ్ మూడు) అన్నది తెలీదు. కేటయాన్ల మొత్తం 8 దాటితే, ఆ దాటినదాన్ని బట్టి కొంత ఇనుము ఫెర్రిక్ అని లెక్కగడతారు. డ్రూప్ 1987లో ఇచ్చిన సూత్రం అదే: ఆక్సిజన్ల సంఖ్యకి రెట్టింపు వేసి, దాన్ని ఒకటి మైనస్ ఆదర్శ మొత్తం బై వచ్చిన మొత్తంతో గుణించాలి. సూత్రం మంచిదే. కానీ ఇదే పాయింట్‌లో సిలికా ఒక్కటే 38.0 బదులు 37.6 అని వచ్చిందనుకో, అంటే ఒక శాతం తేడా, ప్రోబ్‌లో అంత తేడా మామూలే. మొత్తం 8.01 అవుతుంది, సూత్రం 0.03 ఫెర్రిక్ ఇనుము చూపిస్తుంది, దానికి జోడీగా కాల్షియం పోయి ఆండ్రడైట్ ఒకటిన్నర శాతం పైన తయారవుతుంది, గ్రాసులర్ 3.4 నుంచి 1.9కి పడిపోతుంది. రాయిలో ఏమీ మారలేదు, సిలికా కొలతలో చిన్న తేడా, అంతే! నువ్వు రాయి ఏర్పడిన పీడనం కట్టబోయేది గార్నెట్, ప్లేజియోక్లేజ్, సిల్లిమనైట్, క్వార్ట్జ్ అనే నాలుగు ఖనిజాలు పెట్టుకుని కదా, గ్రాసులర్ వాటాని నేరుగా వాడే నమూనాలో అది మూడో ఘాతంలో వస్తుంది, కాబట్టి సగమైందనుకున్నది ఆరో వంతు దగ్గరికి దిగుతుంది. ఇక పీడనం ఎన్ని కిలోబార్లని ఏం మాట్లాడతావు?

అందుకే రాయి ఏం చెబుతోందో ముందు విను. నీ ఖొండలైట్లో గ్రాఫైట్ ఉందని నువ్వే రాశావు. గ్రాఫైట్ ఉన్న చోట గార్నెట్‌లో ఫెర్రిక్ ఇనుము ఎక్కువ ఉండే అవకాశం తక్కువ. ఆ గార్నెట్లకి ఇనుమంతా ఫెర్రస్ అని తీసుకుని, అలా తీసుకున్నానని రాసెయ్. అదే కాల్క్-సిలికేట్ రాయో, స్కార్నో (రెండూ కాల్షియం ఎక్కువున్న రాళ్లు) అయితే ఆండ్రడైట్ వదిలేయడమే తప్పు. ఒకే ఫార్ములా అన్ని రాళ్లకీ లాగకూడదు.

ఇంకోటి, నీ ఎక్సెల్‌లో మైనస్ వచ్చిన చోటల్లా సున్నా పెట్టమని ఫార్ములా రాశావు. అది తీసెయ్ చిన్నా. మైనస్ అంటే నువ్వు ఎంచుకున్న మూలల మధ్య ఆ కూర్పు ఇమడట్లేదని అర్థం. ఆ మైనస్ చాలా చిన్నదైతే కొలత తేడా, పెద్దదైతే అనాలిసిస్ తప్పు, లేదా నువ్వు మర్చిపోయిన మూల ఒకటుంది. ఈ మూడింటిలో ఏదో తెలిసేదే ఆ మైనస్ వల్ల, దాన్ని తుడిచేస్తే ఏం మిగిలింది?

పాయింట్లన్నిటికీ సగటు తీసినట్టున్నావు. ఎందుకు? బయోటైట్‌ని ఆనుకున్న అంచులో, రాయి చల్లారేటప్పుడు ఇనుము, మెగ్నీషియం మార్చుకుంటాయి, గార్నెట్ అంచు ఆల్మండైన్ వైపు జరుగుతుంది. మధ్యలో పాయింటూ అంచు పాయింటూ కలిపి సగటు తీస్తే వచ్చే కూర్పు ఆ గార్నెట్‌లో ఎప్పుడూ ఏ చోటా సమతుల్యంలో లేనిది కావచ్చు. ప్రతి పాయింట్ పక్కన అది ఎక్కడ పడిందో రాయి, ఫోటోలో నంబర్ వేసి ఉంచు.

ప్లేజియోక్లేజ్‌కి మాత్రం చాలా సులువైన పరీక్ష ఉంది, తప్పకుండా వాడు. ఆల్బైట్ (సోడియం మూల) నుంచి అనార్థైట్ (కాల్షియం మూల) వైపు వెళ్లేటప్పుడు సోడియం స్థానంలో కాల్షియం వస్తే, చార్జ్ సరిపోవడానికి సిలికాన్ స్థానంలో అల్యూమినియం రావాలి, రెండూ జతగానే జరుగుతాయి. కాబట్టి 8 ఆక్సిజన్లకి లెక్కేసినప్పుడు కాల్షియం, సోడియం, పొటాషియంల నుంచి అనార్థైట్ 35 శాతం వస్తే, అల్యూమినియం 1.35, సిలికాన్ 2.65 దగ్గర ఉండాలి. రెండు దారుల్లోనూ ఒకే సమాధానం రావాలన్నమాట. అల్యూమినియం 1.35 దగ్గరే ఉండి సోడియం మాత్రం తక్కువగా కనిపిస్తే, బీమ్ కింద సోడియం పారిపోయిందని అనుమానించు. బీమ్ వెడల్పు చేసి, సోడియం ముందు కొలవమని ల్యాబ్‌లో చెప్పు.

వచ్చే నెల ఇక్కడ చెన్నైకి, పల్లవరం కొండల చార్నొకైట్ (గ్రానైట్ లాంటి ఒక రాయి) చూడ్డానికి వస్తానన్నావు, రా. సెయింట్ థామస్ మౌంట్ దగ్గరి చార్నొకైట్‌ని జాతీయ భూవిజ్ఞాన స్మారకంగా ప్రకటించారు, మా ఇంటి నుంచి లోకల్ ట్రైన్‌లో వెళ్లొచ్చు. అందులోని ఆర్థోపైరాక్సీన్ అనే ఖనిజాన్ని పాత పుస్తకాల్లో హైపర్‌స్థీన్ అంటారు, 1988లో ఆ పేరుని అధికారికంగా వదిలేశారు, ఎన్‌స్టటైట్ (మెగ్నీషియంది), ఫెర్రోసిలైట్ (ఇనుముది) అన్న రెండు మూలల మధ్య ఎక్కడుందో చెబితే చాలు. కానీ ఆ రెండింటితోనే ఆపెయ్యకు, అందులో అల్యూమినియం ఎంతుందో కూడా ఉంచు. బాగా వేడెక్కిన గ్రాన్యులైట్లలో (భూమి లోతుల్లో వేడికి మారిన రాళ్లలో) ఆ అల్యూమినియమే ఉష్ణోగ్రత గురించి చెబుతుంది, రెండు మూలల లెక్కలో పడితే అది కనపడకుండా పోతుంది.

నీ రూమ్మేట్ భూగర్భజలాల మీద చేస్తున్నాడన్నావు కదా, అతనికీ ఇదే మాట చెప్పు. ఉత్తర చెన్నై అవతల మీంజూరు వైపు సముద్రపు నీరు భూగర్భంలోకి చొచ్చుకొస్తోందని చాలా ఏళ్లుగా తెలుసు. అక్కడ ఒక బావి నీళ్లలో క్లోరైడ్ లీటరుకి 1,045 మిల్లీగ్రాములు, సముద్రంలో సుమారు 19,000, మంచి నీటి బావిలో 100 అనుకుంటే, సముద్రపు వాటా ఐదు శాతం అని లెక్కొస్తుంది. ఆ మంచినీటి మూల ఎక్కడి బావి, ఏ కాలంలో తీసింది? అది తేల్చకుండా ఐదు శాతం అని ఎలా రాస్తాం? ఉప్పుమడుల గాఢమైన ఉప్పునీరు కలిసినా క్లోరైడ్ పెరుగుతుంది, క్లోరైడ్–బ్రోమైడ్ నిష్పత్తి కూడా చూసుకోమను. సోడియంతో మాత్రం ఈ లెక్క వద్దు, మట్టి దాన్ని పట్టుకుని కాల్షియం వదులుతుంది. స్ట్రాన్షియం ఐసోటోపులతో చేస్తే రెండు నీళ్లలో స్ట్రాన్షియం ఎంతెంతుందో దాన్ని బట్టి వంపు తిరిగిన గీత వస్తుంది, సరళరేఖ గీసి చదివితే వాటా తప్పుతుంది.

ఈ వారంలో రెండు పనులు చెయ్. ఆక్సైడ్ టోటల్, కేటయాన్ మొత్తం కాలమ్స్ పెట్టి, ఆండ్రడైట్ లేకుండా గార్నెట్లు మళ్లీ లెక్కేసి పంపు, శాతాలకి దశాంశాలు వద్దు, గ్రాసులర్‌కి ఒక్కటి ఉంచు చాలు. ప్రోబ్ వాళ్లు స్టాండర్డ్స్ (కూర్పు ముందే తెలిసిన నమూనాలు) మీద తీసిన కొలతలు కూడా అడిగి జత చెయ్, సిలికా అక్కడ ఎంత తేడాగా వస్తోందో చూస్తే మిగతాది ఫోన్‌లో మాట్లాడుకుందాం.

మీ పెద్దమ్మ