వెబ్ ఆప్షన్లు పెట్టకముందే డబ్బు లెక్క తేలాలి

ప్రశ్న: నెల్లూరు జిల్లా ఉదయగిరి ప్రాంతంలో ప్రభుత్వ జూనియర్ కళాశాలలో ఫిజిక్స్ బోధిస్తాను. పై చదువుల విషయంలో పిల్లలకూ తల్లిదండ్రులకూ దారి చూపే పని ఈ ఏడాది నాకు అప్పగించారు. మా పూర్వ విద్యార్థిని ఒకరు ఇప్పుడు ఇంజినీరింగ్ మొదటి సంవత్సరంలో ఉంది. తండ్రి బెంగళూరులో బేల్దారి పని చేస్తాడు. ఫీజు రీయింబర్స్‌మెంట్ వస్తుందన్న ఒక మధ్యవర్తి మాట నమ్మి, కళాశాల నేరుగా సీటు ఇచ్చే మేనేజ్‌మెంట్ కోటాలో చేర్పించారు. రాదని చేరాక తెలిసింది. నూటికి రెండు రూపాయల వడ్డీకి లక్షన్నర తెచ్చి మొదటి ఏడాది ఫీజు కట్టారు. తల్లి మెడలోని నాలుగు సవర్ల గొలుసు అమ్మేద్దామనుకుంటున్నారు. "మాకు ఎవరూ చెప్పలేదు సార్" అని ఆ అమ్మాయి నా ముందు ఏడ్చింది. నాకు డబ్బు విషయాలు పెద్దగా తెలియవు. ఇలాంటి కుటుంబాలకు నేను ఏం చేయగలను? ఈ అమ్మాయికి ఇప్పుడు దారి ఏమిటి?

జవాబు: మాస్టారూ, "ఎవరూ చెప్పలేదు" అన్న మాట నెల్లూరులో నా దగ్గరికి వచ్చే తల్లిదండ్రుల నోట ఎన్నోసార్లు విన్నాను. చాలామంది సీటు వచ్చాక వస్తారు. అప్పటికి నేను చేయగలిగింది తక్కువ. మీరు మాత్రం ఆ పిల్లలతో రెండేళ్లు ఉంటారు. అందుకే ఈ విషయంలో నాకంటే మీరే ఎక్కువ మేలు చేయగలరు. దానికి పెట్టుబడుల పరిజ్ఞానం అక్కర్లేదు. చెప్పాల్సిన మాట, పిల్లలు ఆన్‌లైన్‌లో కళాశాలలను వరుసగా ఎంచుకునే వెబ్ ఆప్షన్లు పెట్టకముందే చెబితే చాలు.

మన దగ్గర కౌన్సెలింగ్ అంటే సీట్ల కేటాయింపు అనే అర్థం స్థిరపడిపోయింది. ర్యాంకు, కళాశాల, బ్రాంచి గురించి మాట్లాడతారు గానీ డబ్బు మాట ఎవరూ ఎత్తరు. అమెరికాలో ఉన్నత పాఠశాలల కౌన్సెలర్లు ఆ మాటతోనే మొదలుపెడతారు. అక్కడ ప్రభుత్వ సహాయానికి ఫాఫ్సా అనే దరఖాస్తు ఉంటుంది. మరుసటి ఏడాది చదువు కోసం అది మామూలుగా అక్టోబరు 1న తెరుచుకుంటుంది. కౌన్సెలర్లు సాయంత్రాలు తల్లిదండ్రులను పిలిపించి, ఆదాయం కాగితాలు ముందు పెట్టుకుని దాన్ని నింపిస్తారు. వారి పద్ధతి మనకు సరిపోదు, మన పథకాలు వేరు. కళాశాలలో చేరడానికి దాదాపు ఏడాది ముందే కాగితాలు పట్టుకుని కూర్చోవడం మాత్రం మనం తెచ్చుకోవాల్సిన అలవాటు.

మీ ప్రాంతంలో అందుకు తగిన సమయం సంక్రాంతి. బెంగళూరు, చెన్నై పనులకు వెళ్లిన తండ్రులు ఊళ్లో ఉండేది అప్పుడే. సెలవులు ఇచ్చే రోజున ద్వితీయ సంవత్సరం పిల్లల తల్లిదండ్రులిద్దరినీ రమ్మనండి. తల్లి తప్పకుండా ఉండాలి, ఎందుకంటే ఇంటి అప్పుల అసలు లెక్క ఆమెకే తెలుస్తుంది. కలిగిరి వేలం కేంద్రానికి పొగాకు బేళ్లు తోలే రైతులకు వేసవిలో చేతికి డబ్బు వస్తుంది. ఫీజు కట్టే నాటికి అది పాత అప్పులకు పోయి ఉంటుంది. సంక్రాంతినాడే మాట అనుకుంటే అందులో కొంత పక్కన పెట్టే వీలుంటుంది. ఇంకో సంగతి. ప్రభుత్వం ఇచ్చే తల్లికి వందనం డబ్బు ఇంటర్‌తో ఆగిపోతుంది. డిగ్రీలో కూడా వస్తుందనుకునే ఇళ్లు ఉన్నాయి, వారికి ఆ రోజే చెప్పండి.

ఆ సమావేశంలో మొదట చూడాల్సింది కాగితాలే. పదో తరగతి మెమోలో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, ఆధార్‌లో ఒక్క అక్షరమే ఉంటుంది. లేదా పుట్టిన తేదీలో తేడా ఉంటుంది. జూలైలో ఇది బయటపడితే ఆధార్ కేంద్రం చుట్టూ తిరగడానికే గడువు అయిపోతుంది. జనవరిలో పడితే సరిదిద్దుకోవడానికి ఆరు నెలలు ఉంటాయి. కుల, ఆదాయ ధ్రువపత్రాలకు కూడా సచివాలయంలోనో మీసేవలోనో ముందే దరఖాస్తు పెట్టించండి.

రెండోది బ్యాంకు ఖాతా. ఇక్కడ నేను చూసిన ఒక సంగతి చెప్పాలి. ఒక తల్లి పేరున రావాల్సిన డబ్బు ఏడాది దాటినా రాలేదు. పోర్టల్‌లో చూస్తే జమ అయినట్టే ఉంది. వెదికితే తేలింది ఏమిటంటే, ఆమె కొన్నేళ్ల కింద బెంగళూరులో పనికి వెళ్లినప్పుడు మేస్త్రీ కూలి వేయడానికి అక్కడొక ఖాతా తెరిపించాడు. ఆమె ఆధార్ చివరగా అనుసంధానమైంది ఆ ఖాతాకే. డబ్బు అక్కడికే వెళ్లింది. పాస్‌బుక్కు పోయింది, ఫోను నంబరు మారింది, కనీస నిల్వ లేదని బ్యాంకు కొంత కోసుకుంది కూడా. ఊళ్లోని బ్యాంకులో ఆధార్ జిరాక్సు ఇచ్చినంత మాత్రాన ప్రభుత్వ డబ్బు ఆ ఖాతాకే వస్తుందని నమ్మకం లేదు. బ్యాంకుల మధ్య చెల్లింపులు నడిపే ఎన్‌పీసీఐ సంస్థ జాబితాలో ఆధార్‌కు ఏ బ్యాంకు జతపడి ఉందో దానికే వెళుతుంది. మైఆధార్ వెబ్‌సైటులో బ్యాంకు సీడింగ్ స్టేటస్ చూస్తే రెండు నిమిషాల్లో తెలిసిపోతుంది. మీ కంప్యూటర్ ల్యాబులో ఒక్క మధ్యాహ్నం కూర్చుంటే మీ తరగతి మొత్తానికీ చూడవచ్చు. మీ చేతనైన సాయాల్లో ఇంతకు మించింది లేదని నా నమ్మకం.

ఇక ఫీజు రీయింబర్స్‌మెంట్. ఇది 2008 ప్రాంతం నుంచి నడుస్తోంది, పేర్లు మారాయి, డబ్బు తల్లి ఖాతాకా కళాశాల ఖాతాకా అన్నదీ మారింది. మారనిది ఒకటుంది. ఇంజినీరింగ్‌లో ఇది ప్రభుత్వ కౌన్సెలింగ్‌లో ర్యాంకుతో వచ్చే కన్వీనర్ కోటా సీటుకే, మేనేజ్‌మెంట్ సీటుకు రాదు. ఈ ఒక్క వాక్యాన్ని నోటీసు బోర్డు మీద పెద్ద అక్షరాలతో రాయించండి. కుటుంబ వార్షికాదాయం రెండున్నర లక్షలకు మించకూడదని, మాగాణి 10 ఎకరాల లోపు, మెట్ట 25 ఎకరాల లోపు ఉండాలని, ప్రభుత్వోద్యోగమూ సొంత కారూ ఉండకూడదని షరతులు ఉంటూ వచ్చాయి. ఆటో, టాక్సీ, ట్రాక్టరు ఉన్నవారికి మినహాయింపు ఉంది. హాజరు 75 శాతం ఉండాలి. ఆ ఏటి ఉత్తర్వు చూసి చెప్పండి. ఎవరికీ "వస్తుంది" అని ఖాయంగా చెప్పవద్దు. ఆ డబ్బు ఆలస్యమవుతుంది, మధ్యలో కళాశాల వారు ఫీజు అడుగుతారు. ఒక ఏడాది ఫీజును సర్దుకోగల స్థితి ఉందా అని తల్లిదండ్రులను ముందే అడగండి.

ఆడపిల్లలకు ప్రగతి ఉపకార వేతనం గురించి తప్పక చెప్పండి. సాంకేతిక విద్యను చూసే కేంద్ర మండలి ఏఐసీటీఈ ఆమోదం ఉన్న కళాశాలలో ఇంజినీరింగ్ వంటి సాంకేతిక డిగ్రీలో గానీ డిప్లొమాలో గానీ చేరిన అమ్మాయికి ఏడాదికి 50,000 రూపాయలు ఇస్తారు. ఆదాయ పరిమితి 8 లక్షలు, ఒక కుటుంబంలో ఇద్దరు ఆడపిల్లల దాకా అర్హులు. ఇంటర్‌లో మంచి మార్కులు వచ్చి బీఎస్సీ, బీకాం వంటి వాటిలో చేరేవారికి కేంద్ర ఉపకార వేతనం ఉంది. బోర్డులో 80వ పర్సంటైల్‌కు పైన, అంటే మార్కుల్లో పై 20 శాతం మందిలో ఉండాలి, ఆదాయం నాలుగున్నర లక్షల లోపు ఉండాలి. డిగ్రీ మూడేళ్లు ఏటా 12,000 ఇస్తారు. రెండింటికీ దరఖాస్తు జాతీయ స్కాలర్‌షిప్ పోర్టల్‌లోనే. ఒకటి తీసుకుంటే మరొకటి తీసుకోకూడదన్న నిబంధన చాలా పథకాల్లో ఉంటుంది, కాబట్టి ఏది ఎక్కువ లాభమో చూసుకుని ఎంచుకోవాలి. మీ ఊరి హైస్కూలు ఉపాధ్యాయులకు ఎనిమిదో తరగతిలో ఉపకార వేతనం కోసం రాసే ఎన్ఎంఎంఎస్ పరీక్ష సంగతి గుర్తు చేయండి. నెగ్గిన పిల్లలకు తొమ్మిది నుంచి ఇంటర్ దాకా ఏటా 12,000 వస్తుంది. ఇంటర్‌కు ప్రైవేటు కళాశాలకు వెళితే అది పోతుంది. మీ దగ్గర చేరినవారైతే ఏటా రెన్యువల్ చేయించాలి. ఆ పని మరచిపోయి డబ్బు పోగొట్టుకున్న పిల్లలు మీ తరగతిలోనే ఉండవచ్చు, ఒకసారి అడిగి చూడండి.

ఇవన్నీ పోను మిగిలిన ఖర్చుకు అప్పు తప్పదు. ఏ అప్పు అన్నది మీరు బోర్డు మీద లెక్క వేసి చూపించండి. ఏటా లక్ష చొప్పున నాలుగేళ్లు తెచ్చారనుకుందాం. చదువు అయ్యాక మరో ఏడాదికి తీరుస్తారు. నూటికి రెండు రూపాయలంటే నెలకు రెండు, ఏడాదికి 24 శాతం. మొదటి లక్షకు ఐదేళ్ల వడ్డీ 1,20,000. రెండో దానికి 96,000, మూడో దానికి 72,000, నాలుగో దానికి 48,000. మొత్తం వడ్డీ 3,36,000. అదే బ్యాంకు విద్యారుణం 10 శాతం వడ్డీకి అనుకుంటే 1,40,000. తేడా 1,96,000 రూపాయలు. ఒక బేల్దారి మేస్త్రీ ఎన్ని రోజులు ఎండలో నిలబడితే ఆ మొత్తం వస్తుందో తల్లిదండ్రులే చెబుతారు. "రెండు రూపాయలేగా" అనే మాట మన ప్రాంతంలో ఎన్ని ఇళ్లను ముంచిందో మీకు తెలుసు.

విద్యారుణం 4 లక్షల వరకు తనఖా లేకుండా ఇస్తారు, తండ్రో తల్లో కలిసి సంతకం చేస్తే చాలు. ఆదాయం నాలుగున్నర లక్షల లోపు ఉండి, వృత్తి లేదా సాంకేతిక కోర్సులో చేరితే, చదువు కాలానికీ ఆ తర్వాత ఏడాదికీ వడ్డీని కేంద్రమే భరించే పథకం ఉంది. ఆ కళాశాలకు న్యాక్ గానీ, ఆ కోర్సుకు ఎన్‌బీఏ గానీ ఇచ్చే నాణ్యతా గుర్తింపు ఉండాలి. చూశారా, అందుకే వెబ్ ఆప్షన్ల ముందు అంటున్నాను. పక్కపక్కనే ఉన్న రెండు కళాశాలల్లో గుర్తింపు ఉన్నదాన్ని పైన పెడితే పై లెక్కలోని లక్షా నలభై వేలు సున్నా అవుతుంది. ఇక 2024 నవంబరులో కేంద్రం ఆమోదించిన పీఎం విద్యాలక్ష్మి దేశంలోని మేటి సంస్థలకు వర్తిస్తుంది, మొదట్లో ఆ జాబితాలో 860 ఉన్నాయి. అక్కడ 8 లక్షల లోపు ఆదాయం ఉన్నవారికి 10 లక్షల వరకు రుణంపై 3 శాతం వడ్డీ రాయితీ ఉంటుంది, హామీదారు అక్కర్లేదు. మీ పిల్లల్లో ఏటా ఒకరిద్దరికైనా ఇది పనికొస్తుంది. బ్యాంకులో నోటిమాటగా "ఇవ్వం" అంటే తిరిగి రావద్దని చెప్పండి. దరఖాస్తు ఆన్‌లైన్‌లో పెట్టి, కారణం రాతపూర్వకంగా అడిగి, జిల్లాలోని బ్యాంకులను సమన్వయం చేసే లీడ్ బ్యాంకు మేనేజరు దగ్గరికి వెళ్లవచ్చు.

ఇప్పుడు ఆ అమ్మాయి సంగతి. ముందుగా, గొలుసు అమ్మవద్దని తల్లికి ఈ రోజే చెప్పండి. దాన్ని బ్యాంకులో పెట్టి లక్షన్నర తీసుకుని ఊళ్లోని అప్పు తీర్చేయమనండి. ఈనాటి ధరకు నాలుగు సవర్ల మీద ఆ మొత్తం కష్టం కాదు. ఇప్పుడు ఏడాదికి 36,000 వడ్డీ కడుతున్నారు. బ్యాంకులో 10 శాతమనుకున్నా 15,000 అవుతుంది. మిగిలే 21,000తో అసలు తగ్గించుకోవచ్చు. గడువు తేదీ మాత్రం గోడ మీద క్యాలెండర్‌లో రాసుకోవాలి. మరిచిపోతే గొలుసు వేలానికి పోతుంది.

మిగిలిన మూడేళ్ల ఫీజుకు విద్యారుణానికి దరఖాస్తు చేయించండి. మేనేజ్‌మెంట్ సీటుకు బ్యాంకు రుణం ఇవ్వవచ్చు గానీ, వడ్డీ రాయితీలు మామూలుగా ప్రతిభతో వచ్చిన సీట్లకే దక్కుతాయి. కాబట్టి రాయితీ ఉంటుందన్న ఆశతో లెక్క వేయవద్దు. చదువుకుంటున్నప్పుడే నెలకు కొంత వడ్డీ కడుతూ ఉంటే తర్వాత బరువు తగ్గుతుంది. ప్రగతికి ఆ కళాశాల, ఆ సీటు అర్హమో కాదో కళాశాలలోని స్కాలర్‌షిప్ విభాగంలో ఆ అమ్మాయినే వెళ్లి అడగమనండి. మొదటి సంవత్సరంలోనే దరఖాస్తు చేయాల్సిన పథకం అది, ఆలస్యం చేయవద్దు.

అప్పు తీర్చే రోజున మీరు కూడా వారి వెంట వెళ్లగలిగితే వెళ్లండి. ఆమె తండ్రి ఇప్పటివరకు కట్టిన వడ్డీకి ప్రోనోటు వెనక చెల్లు రాయించాడో లేదో చూడండి. లేకపోతే ఎప్పుడెప్పుడు ఎంత ఇచ్చాడో ఒక కాగితం మీద రాసి పెట్టుకుని, ఆ లెక్క తేల్చుకున్నాకే డబ్బు చేతికి ఇవ్వమనండి. ఇచ్చిన వెంటనే నోటు వెనక్కి తీసుకోవాలి.