మైకు కూత పెడుతోంది, మిక్సర్ మార్చాలా?

ప్రశ్న: మాది పరకాల దగ్గర పల్లె. చిన్న సౌండ్ సిస్టం కిరాయికి ఇస్తుంటాను. మొన్న ఒగ్గుకథకు నాలుగు మైకులు పెట్టిన. కథ చెప్పే ఆయన ముందుకొచ్చినప్పుడల్లా కుయ్యిమని ఒకటే కూత. గెయిన్ (మైకు సౌండ్ మిక్సర్‌లోకి వచ్చే బలం) తగ్గించి ఫేడర్ (ఆ మైకు సౌండ్ పెంచే జారుడు మీట) పెంచినా పోలేదు. కొత్త మిక్సర్ కొనాలా?

జవాబు: మిక్సర్ జోలికి పోకు తమ్మీ, పైసలు దండగ. మైకులో పడ్డ సౌండ్ బాక్సులోంచి వచ్చి మళ్లీ అదే మైకులో పడుతోంది. తిరిగొచ్చేసరికి దాని బలం తగ్గకపోతే కూతే. గెయిన్, ఫేడర్, మాస్టర్ (అన్ని మైకులకూ కలిపి ఉండే మీట) మూడూ కలిసి ఆ బలం. ఒకటి తగ్గించి ఇంకొకటి అంతే పెంచితే ఏం మారినట్టు?

గెయిన్ పని వేరు. కథ మొదలుకాకముందే ఆయన్ని పిలిచి, అసలు గొంతుతో ఓ చరణం పాడమను. "హలో, మైక్ టెస్టింగ్" అనిపిస్తే లాభం లేదు. పీఎఫ్ఎల్ (ఫేడర్‌తో పనిలేకుండా ఆ ఒక్క మైకు సౌండే చూపే బటన్) నొక్కి మీటర్ చూడు. అనలాగ్ మిక్సర్‌లో సున్నా దగ్గర, డిజిటల్‌లో మైనస్ 18 దగ్గర ఆడాలి. ఎర్రలైటు వెలగొద్దు. ఇక గెయిన్‌ను ముట్టకు. నడి కథలో గెయిన్ కదిపితే మానిటర్‌లోకి (కథ చెప్పే ఆయనకు వినబడేలా పెట్టే బాక్సు) పోయే సౌండ్ కూడా కదులుతుంది.

బాక్సులు ఎక్కడ పెట్టావో రాయలేదు కానీ "ముందుకొచ్చినప్పుడల్లా" అన్నావు చూడు, అక్కడే ఉంది గుట్టు. మల్లన్న కథ ఊపందుకున్నాక ఒగ్గు పూజారి ఒక్క చోట నిలబడతాడా? ఆయన ఎంత ముందుకొస్తాడో చూసుకుని, బాక్సులు అంతకన్నా ముందర, స్టాండ్ మీద జనం తలలకన్నా ఎత్తులో పెట్టు. మైకు నోటికి జానెడు దూరం నుంచి సగం జానెడుకొస్తే దాదాపు 6 డెసిబెల్స్ (సౌండ్ బలం కొలత) ఊరికే దొరుకుతాయి. మైకు తల మీది జాలీని గుప్పిట్లో మూసి పట్టుకోనివ్వకు. వెనకవైపు వినొద్దనే మైకుకు అక్కడ సందులు పెడతారు. అవి మూసుకుపోతే అన్ని దిక్కులా వింటుంది, కూతా పెరుగుతుంది.

నాలుగు మైకులెందుకు అసలు? వాడకట్టు జనానికి డోలు ఉత్తగానే వినబడుతుంది. నాలుగింట్లో రెండు మూస్తే 3 డెసిబెల్స్ వెసులుబాటు. ఇంకా కూస్తే అప్పుడు ఈక్వలైజర్‌లో (సన్న, బొంగురు సౌండ్లను విడివిడిగా పెంచి తగ్గించేది) కూత పెట్టే ఆ ఒక్క సౌండ్ మీటే కాస్త దించు.

ప్రశ్న: హన్మకొండలో మా వాడ బతుకమ్మకు పాట చెప్పే అత్తమ్మ రెండు చేతులా చప్పట్లు కొట్టాలి, మైకు పట్టుకోలేదు. కాలర్ మైకు పెట్టొచ్చా?

జవాబు: వద్దమ్మా. అది నోటికి దూరం, పైగా చాలావరకు నలుదిక్కులా వినే రకం. చెంప పక్కకు వచ్చే హెడ్‌సెట్ మైకు తీసుకోండి. బాక్సులు ఆడేవాళ్ల నడుమ కాకుండా బయటివైపు తిప్పించండి.