తిండి ఖర్చు 30 శాతమా, 50 శాతమా?

ప్రశ్న: విజయవాడలో సొంత ఇల్లు. మేమిద్దరం, 14 ఏళ్ల పాప, 9 ఏళ్ల బాబు. జీతం 48,000. ఇంటి లోన్ ఈఎంఐ 14,000, చీటీ 5,000. తిండికి 14,500 అవుతోంది, అందులో హోటళ్లు, ఆర్డర్లు 3,800. నెలకు బియ్యం, రవ్వ, గోధుమపిండి కలిపి 40 కిలోలు, పప్పులు 4 కిలోలు, నూనె 5 లీటర్లు, పాలు 30 లీటర్లు. పట్టణాల్లో తిండి ఖర్చు 40 శాతమని సర్వేలో చదివాను. మాది 30 శాతమే. చాలినంత తింటున్నట్టేనా?

జవాబు: ముందు ఆ 30 శాతం సంగతి. మీరు జీతంతో భాగించారు. 2023-24 గృహ వినియోగ వ్యయ సర్వేలో వచ్చిన 39.68 శాతం జీతం మీద కాదు, వినియోగ ఖర్చు మీద. ఈఎంఐ, చీటీ అందులోకి రావు. అవి తీసేస్తే మీ ఖర్చు 29,000, అందులో తిండి 50 శాతం. సొంత ఇంటికి సర్వే అద్దె లెక్కకట్టదు. అదే మీరు 9,000 అద్దె ఇస్తుంటే ఇదే తిండి 38 శాతంగా కనిపించేది. కంచంలో మెతుకు మారలేదు, శాతం మాత్రం మూడు రకాలుగా వచ్చింది! తలసరిన మీ ఖర్చు 7,250. ఆ సర్వేలో ఆంధ్రప్రదేశ్ పట్టణ సగటు 7,182, కాబట్టి మీది సగటు కుటుంబమే.

తిండి చాలుతోందా అన్నది రూపాయల్లో తేలదు, కిలోల్లో చూడాలి. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2,000 కేలరీల పళ్లేనికి, అంటే ఒకరి రోజంతటి తిండికి, కొలతలు ఇచ్చింది. మీ నలుగురి వయసులకు రోజుకు కావలసినది సుమారు 7,900 కేలరీలు, అంటే దాదాపు నాలుగు పళ్లేలు. నెలకు లెక్కకడితే ధాన్యాలు 30 కిలోలు, పప్పులు 10 కిలోలు, పాలు 36 లీటర్లు, కూరగాయలు, ఆకుకూరలు 48 కిలోలు, పళ్లు 12 కిలోలు, నూనె మూడున్నర లీటర్లు. పప్పులో కొంత భాగాన్ని గుడ్లు, మాంసంతో భర్తీ చేసుకోవచ్చు. ఇడ్లీలోకి వేసే మినప్పప్పూ పప్పు కిందికే వస్తుంది, మర్చిపోకండి.

మీ ఇంట్లో కడుపు నిండుతోంది, కానీ అన్నమూ నూనే ఎక్కువ, పప్పు సగం కూడా లేదు. బియ్యం 10 కిలోలు, నూనె లీటరున్నర తగ్గించండి. బియ్యం కిలో 60, నూనె లీటరు 150 అనుకుంటే 825 మిగులుతుంది. కందిపప్పు 130 అయితే ఆరు కిలోలు వస్తుంది. పైసా అదనంగా పెట్టక్కర్లేదు.

ఇవన్నీ మీరు రాసిన అంకెలు నిజమైతేనే. నెలలో కొన్నది వేరు, తిన్నది వేరు. సంక్రాంతికి ఆరు నెలల బియ్యం, ఎండాకాలంలో ఆవకాయకు నూనె కొంటే ఆ నెల లెక్క తప్పుతుంది. ఒకటో తారీఖున డబ్బాలు తూచి, కొన్నది కలిపి, నెలాఖరున మిగిలింది తీసేయండి. ఊరి నుంచి బియ్యం వస్తే ఊళ్లో ధర కట్టి కలపండి. కూరగాయలు, పాలు, గుడ్లు నెలంతా గుర్తుండవు. సర్వేవాళ్లు కూడా నూనె, కూరగాయలు, మాంసం లాంటివాటికి ఏడు రోజులే అడుగుతారు, బియ్యం, పప్పులకు 30 రోజులు. వారం లెక్కను 4తో కాదు, 4.3తో హెచ్చవేయాలి. 4తో వేస్తే రెండు రోజుల తిండి ఎగిరిపోతుంది. పండగ వారమో, చుట్టాలొచ్చిన వారమో పట్టుకోకండి. పనిమనిషి మీ ఇంట్లో భోంచేస్తే అది మీ లెక్కలోనే పడుతుంది, నలుగురితో కాకుండా ఆ పూటలూ కలిపి భాగించాలి.

బయట తిండి 3,800 అంటే మీ తిండి ఖర్చులో 26 శాతం. ఆ సర్వేలోనే దేశ పట్టణాల్లో పానీయాలు, తినుబండారాలు, సిద్ధాహారం కలిపితే తిండి ఖర్చులో 28 శాతం దాకా ఉంది. మీరేం శ్రుతి మించలేదు. అయినా కూరగాయలకో, పాలకో డబ్బు కావాలంటే ముందు కోయాల్సింది ఇక్కడే. ఆపద నిధికి ఆరు నెలల ఖర్చు లెక్కేసేటప్పుడు తిండి కింద 14,500 కాదు, ఇంటి వంటకయ్యే 10,700 వేస్తే చాలు. ఈఎంఐ, చీటీ మాత్రం పూర్తిగా వేయండి, ఉద్యోగం పోయిన నెలలోనూ అవి ఆగవు.